పది మార్కుల ప్రశ్న

సుద్దముక్క మాస్టారు ఒక్కడు ఆరోజు సరిగ్గా నిలబడి ఉంటే, నలభై ఆరేళ్ళ వయసులో మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని, కన్నకూతురి చేత చీవాట్లు తింటూ పాఠాలు బట్టీ పట్టే ఖర్మ బైండరుకి పట్టేది కాదు.

మాస్టారు సరిగ్గా నిలబడలేదన్న మాట అతను ముప్పై మూడేళ్ళుగా అంటూనే ఉన్నాడు. పెళ్ళిచూపుల్లో అన్నాడు. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో అన్నాడు. మంగలి దగ్గర, బస్సుల్లో, ఆఖరికి మావగారి పాడె మోస్తూ కూడా అన్నాడు.

అలాంటి సుద్దముక్క మాస్టారు ఇప్పుడు వచ్చి ముందు గదిలో, బైండరు కుర్చీలోనే, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. పిలిచింది ఎవరో శత్రువు కాదు. బైండరు భార్య.

"నన్నడక్కుండా ఎలా పిలిచావే?" వంటగదిలో నిలబడి బైండరు గొంతు తగ్గించి అరిచాడు. గొంతు తగ్గించి అరవడం ఆఫీసులో అబ్బిన విద్య.

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ఛస్తే ఒప్పుకోను."

"అందుకే అడగలేదు." ఆవిడ టీ గిన్నె మీద మూత ఎత్తి చూసి, ఇంకా మరగలేదని మళ్ళీ పెట్టింది.

"ఆ మనిషిని నా గుమ్మం తొక్కనివ్వనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాను!"

"ఇది అద్దె గుమ్మం. ఒట్టు పెట్టేముందు ఇంటాయన్ని అడగాల్సింది."

బైండరు గుమ్మం వైపు చూశాడు. ఆవిడ ఆగలేదు.

"రేపు పొద్దున్న పదింటికి పరీక్ష. రెండుసార్లు తప్పారు. మూడోసారి తప్పితే ఇంక రాయనివ్వరు. మీకు తెలీక తప్పితే ఊరుకునేదాన్ని. అన్నీ వచ్చి తప్పే మనిషిని మిమ్మల్నే చూశాను."

అది నిజమే. రికార్డుల ఆఫీసు బైండింగు గదిలో అతనిది ఇరవై ఏడేళ్ళ సర్వీసు. అక్కడి పెద్ద మేస్త్రీ వచ్చే నెల దిగిపోతున్నాడు. ఆ కుర్చీ బైండరుదేనని గదిలో కత్తెరలకి కూడా తెలుసు. కానీ పదో తరగతికి సమానమైన పరీక్ష ప్యాసైనవాడే మేస్త్రీ కావాలని పైవాళ్ళు కొత్త రూలు పెట్టారు. బడి మానేసి ముప్పై ఏళ్ళు దాటిన మనిషి పళ్ళ బిగువున చదివాడు. లెక్కలు దాటాడు. సైన్సు దాటాడు. భాషలు అవలీలగా దాటాడు. సాంఘిక శాస్త్రంలో కూలబడ్డాడు.

కూలదోసింది ఒకే ఒక్క ప్రశ్న. 'మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలకు రాజ్యాంగం కల్పించిన రక్షణలను వివరించండి.' పది మార్కులు.

మొదటిసారి ఆ ప్రశ్న కనపడగానే బైండరుకి ఒళ్ళు మండింది. అదనపు కాగితాలు అడిగి మరీ ఏడు పేజీలు రాశాడు. ఏడు పేజీల నిండా సుద్దముక్క మాస్టారే. గంట కొట్టేసరికి ఐదు ప్రశ్నలు ముట్టుకోకుండా మిగిలిపోయాయి. రెండోసారి అర పేజీ దాకా నిగ్రహించుకున్నాడు. ఆ తర్వాత 'అయితే ఈ రక్షణలు ఎన్ని ఉన్నా, అడగాల్సిన మనిషి అడక్కపోతే ఏం లాభం? మా బడిలో ఒక మాస్టారు ఉండేవాడు' అని మొదలుపెట్టాడు. మళ్ళీ గంట కొట్టారు.

"అందుకని ఆయన్నే తెచ్చి మీ ఎదురుగా కూర్చోబెట్టాను" అంది ఆవిడ. "తిట్టాల్సిందంతా ఇవాళ మొహం మీదే తిట్టేయండి. కడుపులో ఏమీ మిగల్చకండి. రేపు వెళ్ళి అడిగినదానికి మాత్రం జవాబు రాసి రండి."

కూతురు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తండ్రికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇంట్లో ఆమె పేరు పంతులమ్మ.

"నాన్నా, ఆయన మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. వాడొస్తేనే తాగుతానంటున్నారు."

"అయితే అలాగే ఎండిపోనీ."

"నాన్నా!"

"ఏంటే నాన్నా? బడి మూయించి నన్ను రోడ్డున పడేసిన మనిషికి మంచినీళ్ళు నేనే పట్టుకెళ్ళాలా?"

"అవును" అని తల్లీ కూతుళ్ళు ఒక్కసారే అన్నారు.

బైండరు గ్లాసు తీసుకుని విసవిసా ముందు గదిలోకి నడిచాడు. నడకలో ఉన్న విసురు గుమ్మం దాటేసరికి కొంచెం తగ్గింది. అతను ఊహించుకున్న మాస్టారు ఆరడుగుల మనిషి. కుర్చీలో ఉన్నది ఎనభై ఏళ్ళ ముసలాయన. చొక్కా కాలరు మెడకి వదులైపోయింది. కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉన్నాయి. ఒళ్ళో గుడ్డ సంచి, దాని మీద రెండు చేతులూ.

"వచ్చావురా? కూర్చో."

బైండరు భార్య వైపు తిరిగాడు. "నా ఇంట్లో నన్ను కూర్చోమంటున్నారు!"

"నీ కుర్చీలో నేనున్నాగా" అన్నారు మాస్టారు. "ఆ బల్ల మీద కూర్చో. నా ఎదురుగా బల్ల మీద కూర్చోవడం నీకు అలవాటే."

పంతులమ్మ కిసుక్కున నవ్వి చేత్తో నోరు మూసుకుంది. బైండరు కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలీదు. కాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి.

మాస్టారు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. "మీ ఆవిడ అంతా చెప్పింది. ఏడు పేజీలు రాశావట నా మీద. పదో తరగతిలో నా మీద ఏడు పేజీలు రాసినవాడు ఇంకెవడూ లేడు. సరే, భాషాపరమైన అల్పసంఖ్యాకులంటే ఎవరు?"

"మనం."

"సున్నా."

"సున్నా ఏంటి? మనం కాదా?"

"అడిగింది ఎవరని. నీ సంగతి కాదు."

"అదే నాన్నా నేనూ మొత్తుకునేది" అంది పంతులమ్మ.

బైండరు పళ్ళు నూరాడు. "ఒకచోట ఎక్కువమంది మాట్లాడే భాష ఒకటైతే, ఇంట్లో వేరే భాష మాట్లాడుకునేవాళ్ళు."

"మరి మనం?"

"మనం ఉదాహరణ."

మాస్టారి మొహం విప్పారింది. "ఇప్పుడు దారిలో పడ్డావు. రక్షణలు చెప్పు."

ఇక్కడ బైండరుకి తిరుగులేదు. ఈ పాఠాన్ని అతను తన పద్ధతిలో కుట్టి పెట్టుకున్నాడు. పుస్తకానికి ఆరు కుట్లు వేసినట్టు ఆరు రక్షణలు. వేళ్ళు గాల్లో సూది లాగుతున్నట్టు కదులుతుండగా మొదలుపెట్టాడు.

"ఒకటో కుట్టు. ఎవరి మతాన్ని వాళ్ళు నమ్మొచ్చు, ఆచరించొచ్చు, చెప్పుకోవచ్చు. మన వీధి చివర గడియారాలు బాగుచేసేవాళ్ళున్నారు చూడండి, నాలుగిళ్ళు. వాళ్ళ ప్రార్థన వాళ్ళు చేసుకోవచ్చు. ఎవడూ కాదనకూడదు. రెండో కుట్టు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో ఏ మతపాఠమూ చెప్పకూడదు. మూడు. ఎవరి భాష, ఎవరి లిపి, ఎవరి సంస్కృతి వాళ్ళు కాపాడుకోవచ్చు."

"నాలుగు?"

"నీ మతం ఇది, నీ భాష ఇది అని చెప్పి ప్రభుత్వ సాయంతో నడిచే ఏ బడీ పిల్లల్ని చేర్చుకోనని అనకూడదు. ఐదు. మతంవల్ల గానీ భాషవల్ల గానీ తక్కువమంది ఉన్నవాళ్ళు తమకు నచ్చిన బడి పెట్టుకోవచ్చు, తామే నడుపుకోవచ్చు. వాళ్ళదని చెప్పి ప్రభుత్వం సాయంలో తేడా చూపించకూడదు."

"బాగుంది" అన్నారు మాస్టారు. ఆయన వేలు సంచి మీద తాళం వేస్తోంది. "ఆరు?"

బైండరు లేచి నిలబడ్డాడు. ఆవిడ వంటగది గుమ్మానికి ఆనుకుంది. కోరుకున్న ఘడియ వచ్చిందని ఆమెకి తెలిసిపోయింది.

"ఆరోది మీకోసమే దాచి ఉంచాను. అలాంటి బడి స్థలం ప్రభుత్వం తీసుకోవాల్సొస్తే ఊరికే తీసుకోవడానికి వీల్లేదు. ఆ బడి నడుపుకునే హక్కు దెబ్బతినకుండా సరిపడా పరిహారం ఇచ్చి తీరాలి. అంటే ఇంకోచోట స్థలం కొనుక్కుని, గదులు కట్టుకుని, మళ్ళీ బడి పెట్టుకునేంత! ఇది నిన్నా మొన్నా పుట్టిన రూలు కాదు. బస్సు డిపో కోసం మన బడి స్థలం తీసుకున్ననాడు కూడా ఉంది. ఉందా లేదా?"

"ఉంది."

"మరి అడిగారా?" మనసులో ఎంత కక్ష ఉన్నా, మాస్టారు ఎదురుగా ఉంటే నోట్లోంచి 'మీరు' తప్ప రావట్లేదు. అది అతనికి మరీ మంటగా ఉంది. "తలుపులకీ పెంకులకీ కట్టిచ్చిన రేటు పుచ్చుకుని, తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేశారు. నేను ఏడో తరగతి. ఊళ్ళో మిగతా బళ్ళల్లో వేరే భాషలో చెప్పేది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నెలరోజులు వెనక బల్ల మీద గోడకేసి చూస్తూ కూర్చుని మానేశాను. నాతో పాటు పందొమ్మిది మంది మానేశారు. అడగాల్సిన మనిషి ఒక్క మాట అడిగుంటే..."

ఆగాడు.

మాస్టారు నెమ్మదిగా తలూపారు. "పదికి పది వేశాను."

"మార్కులెవడిక్కావాలి?"

"మీకే" అంది భార్య.

"నువ్వుండవే! నాకు జవాబు కావాలి."

"అడిగానురా" అన్నారు మాస్టారు.

వెనక స్టవ్వు మీద టీ పొంగబోయి చుయ్యిమంది. ఆవిడ లోపలికి పరిగెత్తి, కట్టేసి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చేసింది.

"అడిగితే ఇచ్చేవాళ్ళే" అన్నాడు బైండరు.

"రుజువు తెమ్మన్నారు."

"ఏం రుజువు మాస్టారూ?" పంతులమ్మ నోటుపుస్తకం మూసి ముందుకి జరిగింది.

"ఈ బడి ఫలానా భాషవాళ్ళు, తమ పిల్లల కోసం పెట్టుకున్నదేనని చూపించాలమ్మా. చూపిస్తేనే ఆ ఆరో కుట్టు పనిచేస్తుంది. లేకపోతే అదీ అందరి స్థలంలాంటి స్థలమే. రేటు కట్టి తీసేసుకుంటారు."

బైండరు పెద్దగా నవ్వాడు. ఎదుటివాడు తన గోతిలో తానే పడ్డప్పుడు నవ్వే నవ్వు అది. "రుజువుకేం కరువు? ప్రవేశాల రిజిస్టరు లేదూ? మొదటి పేజీల్లో బడి పెట్టినవాళ్ళ పేర్లు. తర్వాత పిల్లల పేర్లు, తండ్రి పేరు, తండ్రి చేసే పని. చివరి గడిలో ఇంటి భాష. నన్ను చేర్చినరోజు నా పేరు పక్కన మీ చేత్తో మీరే రాశారు. నేను చూశాను. నాకు తెలీదనుకున్నారా?"

మాస్టారు సంచిని దగ్గరికి లాక్కున్నారు.

"ఇంక పాఠం అయిపోయిందమ్మా" అన్నారు బైండరు భార్యతో. "వీడికి బాగా వచ్చు. రేపు తప్పడు. నేను బయల్దేరతాను."

"టీ తాగకుండానా?"

"ఇంకోసారి."

"మాస్టారూ" అంది పంతులమ్మ. "ఆ రిజిస్టరు వాళ్ళకి చూపించారా?"

"చూపించాను."

"మరి?"

"చాలదన్నారు."

"అబద్ధం!" బైండరు అరచేత్తో బల్ల మీద చరిచాడు. "చివరి గడిలో అంత స్పష్టంగా ఉంటే చాలదని ఎలా అంటారు? ఏదీ ఆ రిజిస్టరు? అటకెక్కించారా, తగలబెట్టారా?"

"రేపు పరీక్ష రాసి రారా. మధ్యాహ్నం నేనే తెచ్చి నీ ఒళ్ళో పెడతాను."

"రేపు తేవడమెందుకు? ఇవాళ సంచిలో ఉన్నదేంటి?"

సంచి మూతిలోంచి నల్లగుడ్డ అంటించిన పుస్తకం మూల ఒకటి కనపడుతోంది. పుస్తకాల మధ్య పుట్టి పెరిగినట్టు బతికిన మనిషి కంట అది పడకుండా ఉంటుందా?

మాస్టారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. "చూపిద్దామనే తెచ్చాను. ఎనభై నిండాయి, ఇంకెన్నాళ్ళు దాచనని. తీరా వచ్చాక నువ్వు పాఠం చెప్తుంటే విన్నాను. మనసొప్పలేదు. రేపటి దాకా ఆగు. ముసలాణ్ణి బతిమాలుకుంటున్నాను."

"నేను ఆగను."

"ఒకసారి చూపించేయండి మాస్టారూ" అంది బైండరు భార్య. "చూడకపోతే రేపు మళ్ళీ ఏడు పేజీలు రాసొస్తారు. ఈయన్ని మీరు ఏడో తరగతి దాకే ఎరుగుదురు. నేను ఇరవై రెండేళ్ళుగా ఎరుగుదును."

మాస్టారు సంచి అలాగే బైండరు చేతుల్లో పెట్టేశారు.

బైండరు పుస్తకం బయటికి తీశాడు. విప్పకముందే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వీపు నొక్కాడు, మూలలు తడిమాడు, అట్ట ఒంపు చూశాడు.

"ఎవడికిచ్చారు దీన్ని? పని రానివాడు ఎవడో కట్టాడు. వీపు దగ్గర జిగురు చూడండి, గంజిలా కారింది. కుట్లకి బిగువు లేదు." పుస్తకం పక్కకి తిప్పి అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. "కోత మాత్రం ఫరవాలేదు. గీత గీసినట్టు ఉంది. చెయ్యి తిరిగినవాడై ఉండాలి, లేకపోతే మొదటిసారి కత్తి పట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకున్నవాడై ఉండాలి."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

బైండరు పుస్తకం తెరిచాడు. ఎడమ పేజీలో పేర్లు. వాటికి ముందుండాల్సిన వరస నంబర్లు లేవు, అంచున సగం సగం సున్నాలు మిగిలాయి. కుడి పేజీలో తండ్రి పేరు. తండ్రి పని. చేరిన తేదీ. ఆ తర్వాత నిలువు గీత ఒకటి. గీత దాటాక కాగితం లేదు.

పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. పది పేజీలు కలిపి తిప్పాడు. అన్నిటికీ అంతే. గీతకి ఆనుకుని అక్కడక్కడ ఒక తలకట్టు, ఒక సున్న మొదలు. చివరి గడి మొత్తం, రెండు వేళ్ళ వెడల్పున, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పోయింది.

"కోసేశాడు" అన్నాడు బైండరు. "ఎవడో దుర్మార్గుడు గడి గడంతా కోసేశాడు. డిపోవాళ్ళ డబ్బు తిన్నాడేమో. ఎవడు? ఏ షాపు?"

"అంచులు చీకిపోయాయిరా" అన్నారు మాస్టారు. "పేజీలు ఊడిపోతున్నాయి. మరీ పాతదైపోయిందని, వేసవి సెలవుల్లో బైండింగుకిచ్చాను. అప్పటికి డిపో సంగతి ఎవరికీ తెలీదు."

"ఎవడికిచ్చారని అడుగుతుంటే!"

పంతులమ్మ తండ్రి చేతుల వైపు చూస్తోంది. ఆ చేతులు పుస్తకం మధ్యకి వెళ్ళి, దారం చివర ముడి దగ్గర ఆగిపోయాయి.

ముడి ఎడమవైపుకి తిరిగి ఉంది. ఆఫీసులో పదకొండు మంది బైండర్లుంటే, అలా ముడి వేసేది ఎడంచేతివాటం ఉన్న ఒక్కడే, తనే.

పన్నెండు నిండి పదమూడు నడుస్తున్న వేసవి అది. సెలవుల్లో పని నేర్చుకోమని తండ్రి బైండింగు షాపులో దింపాడు. పుస్తకాన్ని పెద్ద కత్తి కింద పెట్టాక లోపల ఏం రాసుందో కనపడదు. అంచు ఒక్కటే కనపడుతుంది. ఆ అంచు గరుకుగా ఉందని షాపాయన రెండుసార్లు తిట్టాడు. నున్నగా వచ్చేదాకా కోస్తూనే ఉన్నాడు. తొలిసారి తనంతట తాను కోసిన పుస్తకం. గీత గీసినట్టు వచ్చిందని షాపాయన వీపు తట్టాడు.

బైండరు బల్ల మీద కూర్చున్నాడు. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు.

"వాళ్ళడిగినప్పుడు ఎవరు కోశారని చెప్పారు?" అని అడిగాడు.

"నా అజాగ్రత్త అని చెప్పాను. అదీ నిజమే. తిరిగొచ్చిన పుస్తకాన్ని నేను విప్పి చూసుకోలేదు. అట్ట మెరుస్తోందని మురిసి బీరువాలో పెట్టేశాను."

"ముప్పై మూడేళ్ళు... అందరూ మిమ్మల్ని..."

"నువ్వే ఎక్కువ" అన్నారు మాస్టారు. నవ్వబోయారు. "పిల్లాడివిరా. నీకు చెప్తే ఏమైపోయేవాడివి?"

బైండరు భార్య వచ్చి భర్త పక్కన నిలబడింది. చెయ్యి అతని భుజం మీద వెయ్యాలో వద్దో తేల్చుకోలేక బల్ల అంచు మీద పెట్టింది. ఆవిడ వేసిన లెక్క వేరు. కడుపులోది ఖాళీ అవుతుందనుకుంది, బరువు దిగుతుందనుకుంది. బరువు చెయ్యి మారుతుందని అనుకోలేదు.

పుస్తకం చివర మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. ప్రభుత్వ ముద్ర వెలిసిపోయింది. పంతులమ్మ అందుకోబోయింది. బైండరు ఇవ్వలేదు. తనే విప్పి, అప్పజెప్పమన్న పాఠం చదివినట్టు పైకి చదివాడు.

"సమర్పించిన రిజిస్టరులో స్థాపకుల భాషను గానీ, విద్యార్థుల ఇంటి భాషను గానీ తెలిపే వివరమేదీ లేనందున, ఈ పాఠశాల భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గానికి చెందినదని రుజువు కాలేదు. కావున ప్రత్యేక పరిహారం కొరకు చేసుకున్న అభ్యర్థన తిరస్కరించడమైనది."

ఆగాడు. ఇంకో వాక్యం మిగిలి ఉంది.

"నాన్నా, చాలు" అంది పంతులమ్మ. "ఇంక పుస్తకం మూసెయ్యి. నీకు అన్నీ వచ్చు. ఆరు కుట్లూ మాస్టారి ముందు ఒక్క తప్పు లేకుండా చెప్పావు. రేపు నేను కూడా సెంటరు దాకా వస్తాను."

"వినపడుతోందా మీకు?" భార్య వంగి అతని మొహంలోకి చూసింది. "రేపు పరీక్షకి వెళ్తారా, లేదా? అదొక్కటి చెప్పండి."

బైండరు ఆవిడ వైపు చూడలేదు. కాగితం మీద ఆఖరి వాక్యం కింద, తను కోసేసిన గడంత వెడల్పున రెండు వేళ్ళు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లాడిలా చదివాడు.

"బస్సు డిపో నిమిత్తం స్వాధీనమైన పాఠశాల స్థలం, ఆటస్థలంతో కలిపి, మొత్తం మూడు వేల నూట ఎనభై ఏడు గజాలు."